హాలు దద్దరిల్లింది

కృష్ణానగర్,
మార్చి 18

రత్నక్కకు, మనోజ నమస్కారాలు.

ఆసుపత్రిలో మీరు పలక మీద రాసి చూపించిన మాట మరిచిపోలేదు. "ఫోన్ చెయ్యకు. నువ్వు వాగుతుంటే నేను వినాలి, తిరిగి తిట్టలేను. ఉత్తరం రాయి" అన్నారు. గొంతుపెట్టె తీసేసిన మూడో రోజున కూడా మీకు తిట్టడం మీదే ధ్యాస. సరే, ఇదిగో రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపకండి. జనగామ నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళైనా నోరు తెరిస్తే మా ఊరే. కాగితం మీద మాత్రం మీరు మైకు ముందు నిలబెట్టి నేర్పిన తెలుగే వస్తుంది.

పెద్ద వార్త ఒకటి. మొన్న ఆదివారం మన చిరుపాత్రల డబ్బింగ్ కళాకారుల సంఘం సర్వసభ్య సమావేశం ఫిల్మ్‌నగర్ హాల్లో జరిగింది. ప్రెసిడెంటుగా త్రినాథరావు గారి రెండో గడువు ఈ సెప్టెంబరుతో అయిపోతుంది కదా. రెండుసార్లకు మించి ఎవరూ ఆ కుర్చీలో కూర్చోకూడదన్న నిబంధన తీసేశారు.

"మిషన్ గొంతులు వచ్చి మన కూడు లాక్కోబోతున్నాయండీ. ఒక్క మనిషి గొంతు తీసుకుని వంద గొంతులు చేసేస్తున్నారు. ఘాట్ రోడ్డు మధ్యలో డ్రైవర్ని మార్చుకుంటామా?" అని ఆయన అడిగారు. తర్వాత మూజువాణి ఓటు పెట్టారు. "ఔను" అన్న కేకకు హాలు దద్దరిల్లింది. కాదన్నవాళ్ళు ఎవరని అడిగితే జంగయ్యన్న ఒక్కడే లేచాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత దండలు, ఫోటోలు, బిర్యానీ.

ఆయన మీద నాకు కోపమేమీ లేదక్కా. బంజారాహిల్స్ ఆసుపత్రిలో మీకు గది ఇప్పించడానికి రెండు రోజులు తిరిగింది ఆయనే. పనిచేసే మనిషి ఇంకో మూడేళ్ళు ఉంటే తప్పేమిటి?

మీ ఒంట్లో ఎలా ఉందో రాయండి.

మీ శిష్యురాలు
మనోజ

*

కాకినాడ,
మార్చి 30

మనోజా,

ఎర్ర సిరా అయిపోయింది కాబట్టి బతికిపోయావు.

నేను బాగానే ఉన్నాను. ఊపిరి ఇప్పుడు మెడలో పెట్టిన రంధ్రం లోంచి వస్తోంది. దాని మీద కప్పుకోడానికి మేనకోడలు భావన పలచటి కండువాలు కుట్టిపెట్టింది, చీరకొక రంగు. గుమ్మంలోకి చేపలావిడ వస్తే బేరం ఆడలేకపోతున్నాను, ఆ ఒక్కటే తీరని దుఃఖం.

ఇక నీ పెద్ద వార్త. రెండుసార్లు చదివాను. దండలున్నాయి, బిర్యానీ ఉంది, ఘాట్ రోడ్డు ఉంది. ఒక్క అంకె లేదు. సంఘంలో రెండువందల నలభై మంది ఉన్నారు. ఆదివారం వచ్చింది ఎందరు? ఔనన్నది ఎందరు? "హాలు దద్దరిల్లింది" అనేది లెక్క కాదే పిల్లా. తెర మీద జాతర వచ్చినా, నాయకుడి సభ వచ్చినా, బస్టాండులో గొడవ వచ్చినా, వెనక వినిపించే ఆ జనమంతా ఎవరు? ఒక చిన్న గదిలో నిలబడిన నలుగురైదుగురం. ముప్ఫై ఏళ్ళ పాటు, లేని జనాన్ని పుట్టించి అన్నం తిన్నదాన్ని. నాకు దద్దరిల్లడం గురించి చెప్పకు.

త్రినాథరావు నాకు గది ఇప్పించాడు, నిజమే. అతనికి రుణపడి ఉన్నాను. నా ఓటు మాత్రం ఆ గదికి కిరాయి కింద కట్టలేదు.

అంకెలు రాసి పంపు.

శేషారత్నం

*

కృష్ణానగర్,
ఏప్రిల్ 19

రత్నక్కకు,

మీ ఉత్తరం చదివితే పోలీసు స్టేషన్‌కు వెళ్ళొచ్చినట్టు అయింది. అంకెలు అడిగారు, ఇదిగో. రిజిస్టరులో సంతకాలు ఎనభై ఆరు. ఔనన్నవాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. మూజువాణి అంటేనే లెక్కపెట్టనిది కదా! వచ్చినవాళ్ళలో ఎవరికీ లేని బాధ మీకెందుకు?

కోపంగా రాశాను, ఏమనుకోకండి. అసలు సంగతి వినండి. నాకు పాత్ర వచ్చింది! గుంపులో అరుపు కాదు, ఏడుపు కాదు. పేరున్న పాత్ర. పెద్ద సినిమాలో హీరోయిన్ మేనత్త. మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఉంటుంది. జూబ్లీహిల్స్ థియేటర్లో మైకు ముందు నన్ను ఒక్కదాన్నే నిలబెట్టారు. నా పక్కన ఎవరూ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. పైగా డైరెక్టరు గారు "మీ యాస మార్చకండమ్మా, అట్లనే చెప్పుండ్రి" అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా పనిమనిషికీ, రౌడీ పెళ్ళానికీ తప్ప పనికిరాదన్న యాస అది. బయటికొచ్చి చెక్‌పోస్టు దాకా నడుచుకుంటూ ఏడ్చాను.

నా పేరు చెప్పింది త్రినాథరావు గారే.

మనోజ

*

కాకినాడ,
మే 2

మనోజా,

సంతోషం. నిజంగా సంతోషం. నీకు ఆ పాత్ర పదేళ్ళ కిందటే రావాల్సింది.

ఒక్క ప్రశ్న. మార్చిలో ఆ హాల్లో నువ్వు ఎక్కడ కూర్చున్నావు? పుష్పవల్లి ఎక్కడ కూర్చుంది? ఎక్కడికెళ్ళినా పక్కపక్కన చేరి పల్లీలు తింటూ పెద్దవాళ్ళ మీద జోకులేసుకునే మనుషులు మీరు.

జవాబు రాయాలనిపించకపోతే రాయకు. అప్పుడూ నాకు జవాబు తెలిసినట్టే.

శేషారత్నం

*

కృష్ణానగర్,
జూన్ 8

రత్నక్కకు,

నెల దాటింది. ఈ కాగితం నా సంచిలోనే తిరిగింది.

నేను ఎడమవైపు వెనక మూల. పుష్పవల్లి కుడివైపు వెనక మూల. నాగసాయి స్తంభం పక్కన, మిగతా ఇద్దరూ ముందు తలుపుల దగ్గర. మేం అయిదుగురం.

మీటింగుకు ముందురోజు త్రినాథరావు గారు పిలిచారు. "వీడియో తీయిస్తున్నాం. హాలు బోసిగా కనిపిస్తే ఇండస్ట్రీలో మన పరువు పోతుంది. కాస్త జనం ఉన్నట్టు చెయ్యండమ్మా" అన్నారు. ఒట్టు అక్కా, మేం దాన్ని ఓటు అనుకోలేదు, పని అనుకున్నాం. ఎవరైనా "జనం కావాలి" అంటే చాలు, ఎందుకని అడగకుండా గొంతు సవరించుకోవడం మనకు అలవాటైపోయింది. మీరు నేర్పినట్టే చేశాం. ఒకరు ముందు అందుకోవాలి, ఒకరు ఆలస్యంగా ముగించాలి, ఒకరు చెయ్యి అడ్డం పెట్టి దూరం నుంచి వచ్చినట్టు పలకాలి. నేనొక్కదాన్నే ఒక ముసలమ్మ, ఒక కాలేజీ పిల్ల, తాగి వచ్చిన ఒక మొగోడు అయ్యాను. మేం మొదలుపెట్టగానే మధ్య వరసల్లో వాళ్ళు అటూ ఇటూ చూసుకుని, అందరూ అంటున్నారు కదా అని వాళ్ళూ అన్నారు. అప్పుడు నిజంగానే దద్దరిల్లింది.

జంగయ్యన్న లేచి "కాదు" అన్నప్పుడు ముందు మా మూలల వైపు చూశాడు. ఎందుకంటే ముందు ఆయన్నే పిలిచారట, రానన్నాడట. అందరూ నవ్వారని మీకు రాశాను. నేనూ నవ్వానని రాయలేదు.

పది రోజుల తర్వాత మేనత్త పాత్ర వచ్చింది. నా ప్రతిభకు వచ్చిందని మిమ్మల్ని నమ్మించబోయాను. నన్ను నేను నమ్మించుకోడానికే అంత కష్టపడ్డానేమో.

ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది. రెండు నెలల్లో ఇరవై రోజులు డబ్బింగ్ చెప్పనివాళ్ళ కార్డు "గౌరవ సభ్యత్వం" కింద మారుతుందట. గౌరవం ఉంటుంది, ఓటు ఉండదు. పనికి పిలిచే కోఆర్డినేటర్లంతా ఆయన మనుషులే. జంగయ్యన్నను మార్చి నుంచి ఒక్క రోజు కూడా పిలవలేదు. పాతికేళ్ళు డబ్బింగ్ చెప్పిన మనిషికి మొన్న గౌరవం దక్కింది. అలా నలభై మందికి దక్కింది. వ్యవస్థాపక సభ్యుల కార్డుల జోలికి మాత్రం పోలేదు. మిగిలింది మీరొక్కరు, అదీ కాకినాడలో. మీ వల్ల ఏమవుతుందిలే అనుకుని ఉంటారు.

నన్ను తిట్టండి. ఎర్ర సిరా కొనుక్కోండి.

మనోజ

*

కాకినాడ,
జూన్ 21

మనోజా,

నీ ఉత్తరం చదివి పది నిమిషాలు తిట్టాను. చప్పుడు రాలేదు. భావన నా పెదాల కదలిక చూసి వీధి తలుపు మూసేసింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే, నిన్ను తిట్టిన తిట్లలో సగం నాకే చెందుతాయనిపించింది. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఆరేళ్ళ కిందట త్రినాథరావు మొదటిసారి నిలబడ్డప్పుడు బాలనర్సయ్య కూడా నామినేషన్ వేశాడు. ఆయనకు నలభై ఓట్లకు మించి రావని అందరికీ తెలుసు. అయినా నేను టోలిచౌకిలో ఆయన ఇంటికి వెళ్ళాను. "మనలో మనకు పోటీ ఏమిటండీ, ఏకగ్రీవమైతే సంఘానికి పరువు" అన్నాను. ఆయన నా ముఖం చూసి కాదనలేక వెనక్కి తీసుకున్నాడు. త్రినాథరావు మెడలో మొదటి దండ వేసింది నేను. ఒక్క ఓటు కూడా అడుక్కోకుండా కుర్చీ ఎక్కాడు. అడగకుండా ఎక్కినవాడు అడగకుండానే కూర్చుంటాడు. అది అతనికి అలవాటు చేసింది నేను.

ఇంకొకటి. "తీర్మానాలకు మూజువాణి ఓటు చాలును" అన్న వాక్యం నా చేతిరాతే. అప్పుడు ముప్ఫై ఏడుగురం, కృష్ణానగర్‌లో రేకుల షెడ్డు కింద. చేతులు లెక్కపెట్టేలోగా సాంబారు చల్లారిపోతోందని ఆ మాట రాశాను. అందరం ఒకరికొకరం తెలిసినవాళ్ళమే, మోసం ఎవరు చేస్తారని. కంచె నేనే వేశాను, చేను మేస్తుందని అనుకోలేదు.

కానీ మనకు నిబంధనలు చూసిపెట్టిన ప్లీడరు గారు నా మాట మీద ఊరుకోలేదు. ఇంకో వాక్యం రాయించాడు. నీ దగ్గర నిబంధనల పుస్తకం ఉంటే పదకొండో పేజీ తియ్యి. "సభలో ఏ ఒక్క సభ్యుడు లేచి కోరినా, అధ్యక్షుడు తలలు లెక్కించి తీరవలెను." దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. కొట్టెయ్యాలంటే ముందు చదవాలి కదా.

ఒక్కరు చాలు మనోజా. ఆ ఒక్కరు ఎవరో నేను చెప్పను.

శేషారత్నం

*

కృష్ణానగర్,
ఆగస్టు 1

రత్నక్కకు,

పదకొండో పేజీ ఉంది. జంగయ్యన్నకు చదివి వినిపిస్తే "గిన్నేండ్ల సంది జేబుల పెట్టుకొని తిరుగుతున్న, ఒక్కనాడు తెర్వలే గదనే" అని తల కొట్టుకున్నాడు. దాన్ని జెరాక్స్ తీయించి కృష్ణానగర్‌లో గది గదికీ తిరుగుతున్నాడు.

ఆ సంగతి ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది. నిన్న త్రినాథరావు గారు జూబ్లీహిల్స్‌లో వాళ్ళ ఇంటికి రమ్మన్నారు. కాఫీ ఇచ్చారు. కప్పు చాలా బాగుంది.

"ఏంటమ్మా మనోజా, పుస్తకాలు చదువుతున్నావంట?"

"చదవనీకే గద సార్ ఇచ్చిండ్రు."

"నేను దుర్మార్గుడిలా కనిపిస్తున్నానా నీకు? శేషారత్నం గారి ఆపరేషన్‌కి ఎవరు తిరిగారు? నేను దిగిపోతే ఈ సంఘం ముక్కలవుద్ది. ఆంధ్రావాళ్ళూ తెలంగాణవాళ్ళూ అని కొట్టుకు చస్తారు."

"ఎవరు కొట్టుకున్నరు సార్? నేనూ పుష్పవల్లీ ఒక్క టిఫిన్ డబ్బల తింటం. మీరు అనేదాంక మాకు ఆ సోయే లేదు."

ఆయన నవ్వారు. పదిహేడో తారీకు సమావేశంలో ఎన్నికలు రెండేళ్ళు వాయిదా వెయ్యాలని తీర్మానం పెడుతున్నారట. మిషన్ గొంతుల గొడవ తేలేదాకా. మా అయిదుగురూ మళ్ళీ పాత చోట్లలోనే కూర్చోవాలట. నేను కప్పు కింద పెట్టాను. అప్పుడు చాలా మెల్లగా అన్నారు: "మేనత్త పాత్రకి ఇంకా రెండు రీళ్ళు మిగిలాయి కదమ్మా. నువ్వు రాకపోయినా పనేం ఆగదులే. నీ గొంతు వాళ్ళ దగ్గర సరిపడా ఉంది, మిగతాది మిషనే చెప్పేస్తుంది."

ఏ దెయ్యం నుంచి మమ్మల్ని కాపాడతానని కుర్చీ అడుగుతున్నారో, ఆ దెయ్యాన్నే నా మీదికి వదులుతానన్నారు. కాఫీ తాగకుండా వచ్చేశాను.

మిగతావాళ్ళతో మాట్లాడాను. మార్చి సంగతి సభలో ఒప్పుకుందామంటే నాగసాయి, తక్కిన ఇద్దరూ సరేనన్నారు. పుష్పవల్లి మాత్రం "నాకు భయమే మనోజా. రేపటి నుంచి నన్ను పిలవకపోతే ఏం చెయ్యను? నన్నిందులోకి లాగకు" అని తలుపేసుకుంది. దాన్ని నేను తప్పుపట్టను. నాకూ భయంగానే ఉందక్కా. నేను లేచి మార్చిలో ఏం చేశామో చెబితే కార్డు ఆపేస్తారు. కార్డు లేకపోతే ఏ థియేటర్ గుమ్మమూ ఎక్కలేను. మేనత్త పోతుంది. చెప్పకపోతే ఇంక ఓటు అనేది ఉండదు, మాకందరికీ గౌరవం మిగులుతుంది.

ఏం చెయ్యమంటారు?

మనోజ

*

కాకినాడ,
ఆగస్టు 8

మనోజా,

ఏం చెయ్యమంటావని నన్నడగకు. నువ్వు కాఫీ వదిలేసి లేచినప్పుడే తేల్చేసుకున్నావు.

భయం ఉంటే ఉండనీ. మొదటిసారి మైకు ముందు నిలబడ్డప్పుడు నీ మోకాళ్ళ చప్పుడు రికార్డయింది, గుర్తుందా? టేక్ మాత్రం ఓకే అయింది.

నేను రాలేను. ఆ వారమే ఆసుపత్రిలో నాకు కరెంటు, అదే రేడియేషన్, పెడతారు. నా తరఫున ఒక ప్రశ్న పంపుతున్నాను, సభలో అడుగు. నేను ఈ సంఘం సభ్యురాలిని, నా కార్డు చెల్లుతుంది. ఆ హాల్లో నేను కూర్చుని ఉంటే, మూజువాణిలో నా ఓటు ఎలా వెయ్యాలి?

ఇంకోమాట. కేకలు వెయ్యకు. కేకల్లో వాళ్ళు నిన్ను ముంచేస్తారు. మార్చిలో ఏం చేశారో చెప్పడం కాదు, వినిపించు.

శేషారత్నం

*

కృష్ణానగర్,
ఆగస్టు 18

అక్కా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

నూట అరవై మంది వచ్చారు. జంగయ్యన్న కాళ్ళు అరిగిన ఫలితం. గౌరవ సభ్యులను వెనక తాడు కట్టి అవతల కూర్చోబెట్టారు, ఆయనా అక్కడే. నేను ఎడమ మూల, నాగసాయి స్తంభం పక్కన, తక్కిన ఇద్దరూ తలుపుల దగ్గర. పుష్పవల్లి కుడి మూలలో కూర్చుని ఉంది, నా వైపు చూడలేదు. ఎవరి పక్షాన వచ్చిందో నాకు తెలియదు.

త్రినాథరావు గారు గంట సేపు మాట్లాడారు. వాయిదా తీర్మానం చదివి "మూజువాణి" అన్నారు. నేను లేచాను.

"అధ్యక్షా, శేషారత్నమ్మ మన మెంబరా, కాదా?"

ఆయన ఇది అనుకోలేదు. "అదేం ప్రశ్నమ్మా? సంఘం పెట్టిందే ఆవిడ."

"ఆమె గొంతు పోయింది, అందరికీ ఎరుకే. ఇయ్యాల గీడ కూసుంటే, మూజువాణిల ఆమె ఓటు యాడ పడాలె?"

ఆ హాల్లో సగం మందికి మీరు గొంతు నేర్పారక్కా. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆయన "భావోద్వేగాలు తర్వాతమ్మా, కూర్చో" అన్నారు. నేను కూర్చోలేదు.

"మార్చిల ఔను అన్నది మీరు కాదు. మేం అయిదుగురం. నమ్మకుంటే అందరు జర కండ్లు మూసుకోండ్రి."

"మైకు కట్ చెయ్యండి" అని ఆయన అరిచారు. నా చేతిలో మైకు ఉంటే కదా! ఆయన మైకే ఆగిపోయింది. మైకు లేకుండా ఆఖరి వరసకు వినిపించేలా పలకడం మీరు మాకు నేర్పిన మొదటి పాఠం. "మూసుకోండ్రి" అని మళ్ళీ అన్నాను. ఒకరి తర్వాత ఒకరు మూసుకున్నారు.

నేను అందుకున్నాను. "ఔను!" నాగసాయి కలిశాడు, తలుపుల దగ్గరివాళ్ళు కలిశారు. నలుగురం. కుడి మూల ఖాళీగా వినిపిస్తోంది. ఒక పక్క జనం లేని జనంలా, కుంటుతున్నట్టు ఉంది. ఇది చాలదు, నమ్మరు అనుకున్నాను. అప్పుడు ఆ మూల నుంచి పుష్పవల్లి గొంతు లేచింది. ముందు ముసలివాళ్ళది, తర్వాత ఆడపిల్లల గుంపు, తర్వాత దూరం నుంచి ఒక ఈల. అక్కా, హాలు దద్దరిల్లింది. గోడలకు తగిలి తిరిగొచ్చింది. మార్చి మీటింగే మళ్ళీ జరిగినట్టు ఉంది.

ఆపేశాం. "కండ్లు తెర్వుండ్రి" అన్నాను. జనం తెరిచి చూస్తే అయిదుగురమే నిలబడి ఉన్నాం.

మధ్య వరసలోంచి ఒక పెద్దాయన మెల్లగా "అందరూ అంటున్నారనుకుని నేనూ అన్నానండీ" అన్నాడు. "నేనూ అంతే" అని ఇంకొకరు. అలా ఒక్కొక్కరూ చెబుతూ పోయారు. అప్పుడు నేను పదకొండో పేజీ చదివి, తలలు లెక్కపెట్టమని అడిగాను.

త్రినాథరావు గారు "సభ ముగిసింది" అని దిగిపోయారు. ఆయన మనుషులు ఫ్యాన్లు, లైట్లు ఆపేశారు. పట్టపగలు లైట్లు ఆపితే ఏమవుతుంది? చెమట పట్టింది, అంతే. మేం కదలలేదు. సెక్రటరీ సుబ్రహ్మణ్యం గారు, ఆరేళ్ళుగా తల ఎత్తని ఆ మనిషి, ఎత్తకుండానే "సభ ముగిసిందని సభ ఒప్పుకోవాలండీ" అని గొణిగారు. వరసవరసకీ నడిచి, ఒక్కో తలనూ వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. వాయిదాకు ఔనన్నవాళ్ళు నలభై ఒక్కరు. కాదన్నవాళ్ళు డెబ్భై తొమ్మిది. మార్చి తీర్మానాన్నీ, ఇరవై రోజుల నిబంధననీ మళ్ళీ లెక్కకు పెడితే అవీ ఓడిపోయాయి. అంకెలన్నీ మినిట్స్ పుస్తకంలో రాసి సంతకం పెట్టారు. ఇవి మీకు అంకెలతో రాస్తున్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందో! జంగయ్యన్న తాడు విప్పి చుట్టచుట్టి సంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. "యాదికుంటది" అన్నాడు.

ఈ ఉదయం నా కార్డు ఆపేసినట్టు మెసేజ్ వచ్చింది. మధ్యాహ్నం థియేటర్ వాళ్ళు రావద్దన్నారు. మేనత్త మిగతా రెండు రీళ్ళూ నా గొంతుతోనే మిషన్ చెప్పేసిందట. బాధగా లేదంటే అబద్ధం. గోడవైపు తిరిగి చాలాసేపు పడుకున్నాను. నా గొంతు నన్నడగకుండా ఎక్కడో మాట్లాడుతోంది. దాని సంగతీ తేలుస్తాను. నిన్న అన్న మాట ఒక్కటైనా వెనక్కి తీసుకోను. ఇంకో హాల్లో ఇంకోసారి అనమన్నా అంటాను.

త్రినాథరావు గారు ఆ లెక్క చెల్లదని, అక్టోబరు ఎన్నికలకు తన మనుషులెవరూ నిలబడరని ప్రకటించారు. పొద్దుటి నుంచి మా గది ముందు జనం. "ఇగ పోటీ గీటీ ఏం వద్దు, ఏకగ్రీవంగ నిన్నే పెడ్తం" అంటున్నారు. వినడానికి బాగానే ఉంది అక్కా. నేను తగుదునా?

మనోజ

*

కాకినాడ,
ఆగస్టు 27

మనోజా,

నీ ఉత్తరం భావన చేత పైకి చదివించుకున్నాను. "కండ్లు తెర్వుండ్రి" దగ్గర మళ్ళీ చదవమని సైగ చేశాను. మూడుసార్లు చదివింది.

కార్డు సంగతి. ఆపాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, పదిహేను రోజులు నీ జవాబు వినాలి. పద్నాలుగో పేజీ. మెసేజ్ పెట్టి ఆపడం కుదరదు. సుబ్రహ్మణ్యం గారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. నీ గొంతు సంగతికి మన ప్లీడరు గారి కూతురు చిరునామా వెనకవైపు రాశాను. తండ్రిని మించిన మొండిది.

దీంతో నామినేషన్ కాగితం పంపుతున్నాను. ప్రతిపాదించేవారి చోట నా సంతకం ఉంది, కార్డు నంబరు ఒకటి. అభ్యర్థి చోట నీ పేరు నేనే రాశాను, దస్తూరి బాగుంటుందని. తగుదువా అని అడిగావు. తప్పు చేసి, అదే హాల్లో నిలబడి, అందరి ముందూ ఒప్పుకున్నావు. నేను ఆరేళ్ళు నోరు మెదపలేదు, గొంతు ఉన్నప్పుడు కూడా.

అయితే ఈ కాగితం ఇచ్చేముందు ఒక పని చెయ్యి. టోలిచౌకి వెళ్ళి బాలనర్సయ్య ఇంటి తలుపు తట్టు. ఆరేళ్ళ కిందట నేను చేసినదానికి క్షమించమన్నానని చెప్పు. అప్పుడు వెనక్కి తీసుకున్న నామినేషన్ ఇప్పుడు వెయ్యమను, నీ మీద. ఆయన వద్దంటే జంగయ్యను బతిమాలు. జంగయ్య తిడితే పుష్పవల్లిని. ఎవరో ఒకరు నీకు ఎదురు నిలబడేదాకా ఈ కాగితం నీ సంచిలోనే ఉండాలి.

ఓడిపోతే ఓడిపో. ఏకగ్రీవంగా మాత్రం గెలవకు.

శేషారత్నం